ఉత్తర ద్వారం మూసిన రోజు

మిట్టమధ్యాహ్నం! అయినా థార్న్‌బీ గ్రామం మీద కాటుక చీకటి కమ్ముకుంది... చిత్తడినేలల మీదుగా దండెత్తి వచ్చిన కారుమేఘాలు చర్చి గోపురాన్ని సగం వరకు మింగేశాయి. ఫెళఫెళార్భాటంతో ఉరుము! రాత్రయిందనుకున్న గుడ్లగూబ ఒకటి చర్చి చూరు కిందనుంచి లేచి వికృతంగా కూసింది.

మూడు రోజుల మనవడిని పొత్తిళ్లలో పెట్టుకుని మంత్రసాని ఏవిస్ చర్చిలో అడుగుపెట్టింది. తాపీమేస్త్రీతో ముప్పై ఏళ్లు కాపురం చేసి విధవరాలైన ఆమెకు అక్కడి ప్రతి రాయీ చుట్టమే. చెకుముకిరాళ్ల గోడలు మూడు వందల ఏళ్లనాటివి. గుండ్రటి కమానులు ఆ తర్వాతి తరాలవి. గోపురం మాత్రం రెండుసార్లు కూలి, పట్నంనుంచి వచ్చిన పెద్దమేస్త్రీ హామో చేతుల మీదుగా ఇప్పుడు మూడోసారి లేస్తోంది. ఏవిస్‌కు ఆ గోపురంతో పనిలేదు. బిడ్డ పాలు తాగడం లేదు, పెదవులు నీలమెక్కాయి. జ్ఞానస్నానం కాకుండా పోతే ఆ పసిగుడ్డుకు స్వర్గమూ లేదు, చర్చి ఆవరణలో జానెడు చోటూ లేదు!

జ్ఞానస్నానం జరిగేటప్పుడు ఉత్తరపు తలుపు బార్లా తెరిచి ఉంచడం ఆ ఊరి ఆచారం. పుట్టుకతోనే బిడ్డలో దాగి, జ్ఞానస్నానవేళ వదిలే పిశాచం ఎండ సోకని ఆ దిక్కుకే పోవాలి. కానీ ఇవాళ అక్కడ తలుపు లేదు... తడి ఆరని గోడ ఉంది!

"ఇదేంటి ఫాదర్? తలుపేదీ?"

"చలిగాలికి చస్తున్నానమ్మా. హామో నిన్ననే కట్టిపెట్టాడు, ఊరికే!" అన్నాడు ముసలి ఫాదర్ ఆన్సెల్మ్.

"ఊరికే రాయి మోసే మేస్త్రీని నేనెక్కడా చూళ్ళేదు. మరి అది ఎటు పోద్ది?"

"దేవుడికి దారి నువ్వు చూపిస్తావా? బిడ్డను నీ చెల్లెలికియ్యి."

జ్ఞానతల్లిగా నిలబడ్డ చెల్లెలు ఎమ్మట్ బిడ్డను అందుకుంది. మంత్రగాళ్లు పవిత్రజలం దొంగిలించకుండా రాతితొట్టికి వేసిన తాళం తీసి, ఫాదర్ ఏవిస్ సాయంతో ఆ బరువైన ఓకు చెక్క మూతను పక్కకు జరిపాడు. చెయ్యెత్తి గర్జించాడు. "అపవిత్రాత్మా... వెడలిపో!"

బిడ్డ నోట్లోంచి నల్లటి ఆవిరి బుస్సున లేచింది! ఉత్తరానికి దూసుకెళ్లి గోడకు కొట్టుకుంది... దారి లేక వెనక్కి తిరిగింది... ఎమ్మట్ గొంతులోకి దిగింది!

ఆమె కనుగుడ్లు తెల్లబడ్డాయి. ఇద్దరు మగాళ్లు మోసే మూతను ఒంటిచేత్తో ఎత్తి ఫాదర్ నడినెత్తిన మోదింది. ఫటేల్! కపాలం చిట్లి రక్తం తొట్టి మెట్ల మీదుగా పారింది. ఆ తల్లిలాంటి మనిషి చేతుల్లో అంత ఘోరమా!

గోపురం కిందనుంచి హామో వచ్చాడు. చేతిలో పుర్రె... పునాదిలోంచి తవ్వితీసిన తొలి మేస్త్రీ శిరస్సు, పిశాచాన్ని ఆడించే మంత్రసాధనం!

"గోపురం గోడలో మూరెడు గూడు వదిలానే ఏవిస్. జ్ఞానస్నానం కాని ప్రాణం లోపలుంటే వెయ్యేళ్లు నిలుస్తుంది!" వికటాట్టహాసం చేశాడు. "ఫాదర్ చచ్చాడు. ఇంకెవడు చేయిస్తాడే? ఒసేయ్ ఎమ్మట్, తే వాణ్ణి!"

కాలు పట్టుకుని బిడ్డను తలకిందులుగా వేలాడదీస్తూ ఎమ్మట్ కదిలింది.

నిన్న కట్టిన సున్నం ఇవాళ్టికి గడ్డపెరుగుతో సమానమని మేస్త్రీ పెళ్లానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏవిస్ గోడకు ఆనించిన గునపం లాక్కుంది. ఒక పోటు! రెండు! మూడో పోటుకు రాళ్లు బొలబొలా రాలి, మనిషి పట్టేంత కంత పడింది.

"ఆపవే ముండా!" హామో పరుగున వెళ్లి, చేతులు బార్లా చాపి ఆ కంతకు అడ్డం నిలిచాడు.

ఫాదర్ లేనప్పుడు చావుబతుకుల్లో ఉన్న బిడ్డకు మంత్రసానే జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. ఆ మాటలు ఆమెకు నేర్పింది ఆన్సెల్మే. ఏవిస్ తొట్టి దగ్గరికి ఉరికి, దోసిలి నిండా నీళ్లు తీసి, ఎమ్మట్ చేతిలో వేలాడుతున్న తల మీద కుమ్మరించింది.

"తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున... నీ పేరు ఆన్సెల్మ్!"

చర్చి గోడలు దద్దరిల్లే ఆర్తనాదం! ఎమ్మట్ నోట్లోంచి లేచిన ఆ నల్లటి శక్తికి ఇక ఉండే హక్కు లేదు. ఆజ్ఞ అయింది. పోవాలి!

"ఆగు! నీ యజమానిని నేను!" హామో పుర్రె అడ్డం పెట్టాడు.

అది ఆగలేదు... పుర్రె పిండైంది. పక్కటెముకలు పటపటమన్నాయి. పెద్దమేస్త్రీ దేహం నడుము దగ్గర రెండుగా మడతపడి, ఆ ఇరుకు కంతలోంచి రక్తం చిమ్ముతూ బయటి దురదగొండి పొదల్లో పడింది. అతను కట్టిన మిగతా గోడంతా అతని మీదే కూలింది.

కుప్పకూలుతున్న చెల్లెలి చేతిలోంచి ఏవిస్ బిడ్డను అందుకుంది. వాడు కెవ్వుమని ఏడ్చాడు. పెదవులు ఎర్రబడ్డాయి.

కాసేపటికి ఎమ్మట్ కళ్లు తెరిచింది. "అక్కా... ఫాదర్‌కేమైంది? నా చేతులకీ రక్తమేంటే?"

"హామో చంపేశాడు. నువ్వు అడ్డం పడ్డావు."

"నిజంగానా?"

"నిజమేనే పిచ్చిదానా. బిడ్డను కింద పడనివ్వలేదు నువ్వు."

ఆ చర్చిలో ఏవిస్ అబద్ధమాడడం అదే మొదటిసారి. ఒడిలో మనవడిని పెట్టుకుని, చెల్లెలి వేళ్లను ఒక్కొక్కటిగా తన తలగుడ్డతో తుడుస్తూ, ఊరి జనం వచ్చేలోగా అవి తెల్లబడాలని ఏడుస్తూ కూర్చుంది.