తీగలకు నూనె

ఆదివారం ఏడు గంటలకల్లా డాలీగంజ్‌లోని అప్పలరాముడి ఇంట్లో పియానో పాఠం మొదలవుతుంది. ముందుగదిలో పాతికేళ్లు వలలు ఉండేవి. ఇప్పుడక్కడ పాత పియానో ఉంది. వలలూ, వాటితో పాటు అప్పలరాముడూ వరండాలోకి పోయారు. ఎవరూ పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.

కూతురు కళ దగ్గరికి ఆరేళ్ల బన్నీ నుంచి అరవై దాటిన యర్రమ్మ దాకా వస్తారు. ఎంతటివాళ్లనైనా మొదటిరోజు పియానో మెట్లు ముట్టుకోనివ్వదు. "మీ చేతులకి వచ్చిన పని చూపించండి" అంటుంది. బన్నీ గోళీలు కొట్టి చూపించాడు. యర్రమ్మ వల అల్లి చూపించింది. ఆ వేళ్ల కదలికలోంచే వాళ్ల పాఠం పుడుతుంది.

"ఆఫీసు ఉద్యోగం మానేసి ముసలమ్మల చేత టకటకలాడిస్తంది" అని అప్పలరాముడు వీధిలో అందరికీ చెప్పేవాడు.

ఆ రోజు యర్రమ్మ నాలుగు మెట్లు నొక్కి ఆగిపోయింది. "ఏటి టీచరమ్మా, దీనికి జలుబు సేసిందేటి?"

కళ పియానో పైమూత తెరిచింది. లోపల తీగలన్నీ నల్లగా మెరుస్తున్నాయి. వేలు పెడితే జిడ్డు. బోటు ఇంజను నూనె వాసన.

"నాన్నా! ఇందులో ఆయిల్ ఎవరు పోశారు?"

వరండాలో వల బాగుచేస్తున్న అప్పలరాముడు తలెత్తలేదు. "నేనే."

"ఇది మూగపోతే నేను ఆఫీసుకి పోతాననా? బస్, చాలు! గోల్ ఘర్ వైపు గది చూసుకుంటా. ఈ వారమే వెళ్లిపోతా."

"ఎల్లు."

వంటింట్లోంచి కళ తల్లి తులసమ్మ గరిటెతోనే వచ్చింది. "పిల్ల ఎల్లిపోతానంటే ఎల్లు అంటావేటయ్యా? నిన్న రెండు గంటలు దాని ముందు కూకుని బ్రష్షుతో రాసావు కదా. ఎందుకో సెప్పు."

"సెప్పడానికేటుంది? తప్పు నాదేనని తేల్చేసినారు కదా."

"అయినా సెప్పు."

"ఉప్పుగాలికి తీగలు తుప్పట్టేస్తన్నాయని మొన్న ఏడిసిందెవరు? తుప్పుకి నాకు తెలిసిన మందు అదొక్కటే. నా ఇంజను ఇన్నేళ్లు బతికింది దాంతోనే. దీనికి పడదని నాకెవరు సెప్పారు? ఈ ఇంట్లో నన్నెవరు ఏటడిగారు?"

కళ తండ్రి చేతుల వైపు చూసింది. గోళ్లలో నూనె. చూపుడువేలికి తీగ కోసిన గాటు. వచ్చిన ప్రతివాళ్ల చేతులూ చూసింది గానీ, ఈ చేతులు ఎప్పుడూ చూడలేదు.

లోపలికి వెళ్లి పాత గుడ్డలు తెచ్చింది. "రా నాన్నా. రాసింది నువ్వే, తుడవాల్సిందీ నువ్వే."

మధ్యాహ్నం దాకా తుడిచారు. అతను ఒక్కో తీగా తుడుస్తుంటే కళ మెట్టు నొక్కేది. "ఇది బాగుంది" అని ఒకచోట ఆమె ముందుకి జరగబోయింది.

"ఆగు. దీని గొంతు ఇంకా పూడుకునే ఉంది."

కళ మళ్లీ నొక్కి విన్నది. నిజమే. "ఎలా తెలిసింది?"

"ఇంజను సప్పుడులో తేడా తెలీకపోతే సంద్రం మీంచి ఇంటికెలా వస్తాననుకున్నావు?"

"బన్నీ కంటే సిన్న క్లాసోడు దొరికినాడు" అని యర్రమ్మ పకపకా నవ్వింది.

కొన్ని తీగలు పలికాయి. కొన్ని పలకలేదు. కళ మూత దించింది. "వచ్చే ఆదివారం ఏడింటికి రా నాన్నా. రెండో పాఠం."

"మొదటిదెప్పుడైంది?"

"చేతులు చూపించావుగా."

అప్పలరాముడు గబగబా వరండాలోకి పోయాడు. కంట్లో నూనె పడిందని, తువ్వాలు తెమ్మని కేకేశాడు. తులసమ్మ తెచ్చిచ్చింది. ఏ కంట్లో అని అడగలేదు.