దొరసానికి కోచింగ్

మా ఆవిడ ఒకప్పుడు నా స్టూడెంటు. డ్రైవింగ్ స్కూల్లో చేరిన మొదటిరోజే బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కి, మా స్కూలు బోర్డునే గుద్దేసింది.

"కళ్లు ఎక్కడ పెట్టుకున్నారండీ?" అని అరిచాను.

"అద్దంలో. మీరే కదా అద్దం చూడమన్నారు? అందులో మీరే కనబడుతున్నారు మరి!"

ఆ రోజు కిందపడింది బోర్డొక్కటే కాదు.

లైసెన్సు పరీక్షలో మూడుసార్లు ఫెయిలయింది. నాలుగోసారి పాసయింది గానీ, ఆలోపే మా పెళ్లి కుదిరింది. కావాలనే ఫెయిలయ్యానని పెళ్లయ్యాక చెప్పింది. అప్పటిదాకా లోపం నా పాఠంలోనే ఉందని కుమిలిపోయిన మేధావిని నేను.

అలాంటి మనిషి ఒకసారి నాతో తొమ్మిది రోజులు మాట్లాడటం మానేసింది. గొడవ మా మూడేళ్ల కూతురి గురించి. పిలిస్తే పలకదు కాబట్టి ఇంట్లో దాన్ని దొరసాని అంటాం. బొమ్మకారు ఇస్తే నడపదు, తిరగేసి చక్రం తిప్పుతూ గంటసేపు కూర్చుంటుంది. డబ్బాల మూతలన్నీ వరసగా పేరుస్తుంది. అందులో ఒకటి కదిపామా, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది.

"ఇది ఆటిజమేమోనండీ. ఒకసారి చూపిద్దాం," అంది ఆవిడ.

"నీదంతా అనుమానం. దానికి చక్రాలంటే ఇష్టం. నా కూతురు కదా!"

"నాకు భయంగా ఉంది."

"నాకేం భయం లేదు," అన్నాను మీసం దువ్వుతూ.

అంతే, మాటలు బంద్. ఏదైనా చెప్పాలంటే పాపతో రాయబారం. "దొరసానీ, శనివారం పదింటికి ఆస్పత్రికి రమ్మని మీ నాన్నకి చెప్పు." దొరసాని మూతల్లోంచి తలెత్తేది కాదు. పక్కనే ఉన్న నేను గోడకేసి చూస్తూ, "సరే," అనేవాణ్ణి.

నిజానికి నాకు ముద్ద దిగడం లేదు. ఆవిడ కళ్లజోళ్ల షాపులో పనికి వెళ్లగానే ఫోను తీసి, ఆస్పత్రిలో ఏమేం చూస్తారో చదివాను. పేరు పిలిస్తే చూస్తుందా, బొమ్మకి తినిపిస్తుందా... ఓహో, సిలబస్ ఉందన్నమాట! పదహారేళ్లుగా జనాన్ని పరీక్ష పాస్ చేయించడమే నా బతుకు. ఎడమంటే ఏదో తెలియనివాళ్లకి కూడా లైసెన్సు ఇప్పించిన ఘనుణ్ణి. నా కూతురు ఫెయిలవుతుందా?

రహస్యంగా కోచింగ్ మొదలుపెట్టాను. బొమ్మ నోట్లో చెంచా పెడితే ఒక కిస్మిస్. నాలుగోరోజుకి దొరసాని బొమ్మని చెంచాతో మూడుసార్లు పొడిచి, చెయ్యి చాపడం నేర్చుకుంది. నా అంత గురువు లేడనుకున్నాను.

శనివారం డాక్టరమ్మ చాప మీద కూర్చుని బొమ్మా, చెంచా ఇచ్చింది. మూడు పోట్లు. దొరసాని నావైపు తిరిగి చెయ్యి చాపింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

డాక్టరమ్మ దువ్వెన ఇచ్చింది. మళ్లీ బొమ్మ నోట్లోనే మూడు పోట్లు, మళ్లీ చెయ్యి. బొమ్మఫోను ఇచ్చినా అదే వరస.

"ఇంట్లో ఎవరైనా నేర్పించారా?"

మా ఆవిడ తెల్లబోయింది.

"నేనేనండీ. పరీక్ష కదా అని..."

"ఇందులో పాసూ ఫెయిలూ ఉండవండీ. పాప ఎలా ఆడుకుంటుందో చూస్తే, తనకి ఏం సాయం కావాలో తెలుస్తుంది. ఇవాళ నేను చూసింది మిమ్మల్ని, పాపని కాదు. నెలాగి రండి. దయచేసి ఏమీ నేర్పకండి."

బయట వాన దంచుతోంది. వరండాలో నిలబడ్డాం, పాప నా భుజం మీద.

"భయం లేదన్నారుగా?" తొమ్మిది రోజుల తర్వాత నాతో నేరుగా అన్న మొదటిమాట.

"అబద్ధం చెప్పాను. చచ్చేంత భయం."

"ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే ఏడుస్తున్నాననుకున్నా. మీకేం పట్టదనుకున్నా."

"ఇద్దరం ఏడిస్తే ఇల్లు ఎవరు చూస్తారని..."

"ఇల్లెక్కడికీ పోదు. పక్కన కూర్చుని ఏడ్వచ్చుగా, మొద్దు మనిషీ!" అంటూనే కొంగుతో నా తల తుడిచింది. తడిసింది ఆవిడ, తుడిచింది నన్ను.

ఆ నెలంతా బుద్ధిగా ఉన్నాను. మళ్లీ వెళితే డాక్టరమ్మ గంటన్నరసేపు పాపని చూసింది. ఆటిజమేనని నెమ్మదిగా చెప్పి, ఇకమీదట ఏం చెయ్యాలో, ఎవర్ని కలవాలో కాగితం మీద రాసిచ్చింది.

కారెక్కాం. స్టీరింగ్ ముందు ఆవిడే కూర్చుంది గానీ, తాళం తిప్పలేదు.

"భయమేస్తోందా?" అంది.

"వేస్తోంది. నీకు?"

"నాకూ."

నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం కాసేపు ఏడ్చాం, సిగ్గు లేకుండా.

"ఇంకేమైనా దాచారా?"

"నువ్వంటే నాకు ప్రాణం. పెళ్లయ్యాక ఒక్కసారి కూడా చెప్పలేదు."

"అది దాచడం కాదు, బద్ధకం," అని ముక్కు తుడుచుకుంది. నవ్వింది కూడా.

వెనక సీట్లో దొరసాని కూడా నవ్వుతోంది. కిటికీలోంచి పడుతున్న ఎండలో వేళ్లు ఆడించుకుంటోంది. ఎవరూ నేర్పని ఆట. మేమిద్దరం వెనక్కి తిరిగి, అది అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాం.