మడతల టమాటా

పొద్దున్నే మూడు లంచ్ బాక్సులు సర్దేసరికి వంటింటి గట్టు మీద చెయ్యి పెట్టే చోటు ఉండదు. ఒకటి ఆయనది, ఒకటి స్కూలుకెళ్లే పిల్లది, ఇంకొకటి తనది. పిల్ల వచ్చి తన డబ్బా తీసుకుని, "వెళ్తున్నా" అని గోడకి చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయింది. నోరు మూతపడదని తండ్రి దానికి పిచ్చుక అని పేరు పెట్టాడట. ఆ వాగుడు ఎలా ఉంటుందో, రెండో భార్యగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన ఆమెకి ఇంకా తెలియదు. పిన్ని అని పిలవమన్నాడు తండ్రి. పిచ్చుక ఏ పిలుపూ లేకుండానే ఏడాది నెట్టుకొచ్చింది.

పెరట్లో పిల్ల తల్లి ప్రాణంగా పెంచుకున్న టమాటా మడి ఉంది. గుమ్మడికాయలా మడతలు పడి, లోపల కండ ఎక్కువగా ఉండే పాతకాలపు రకం. ఆవిడ పోయాక మిగిలిన విత్తనాలన్నీ పిచ్చుక ఈ ఏడు ఎవరినీ దగ్గరకి రానివ్వకుండా చల్లుకుంది. మొలకలు ముచ్చటగా లేచాయి. తీరా పూతకొచ్చే వేళకి, పచ్చగా ఉన్నవి ఉన్నట్టే ఒక్కొక్కటీ తల వాల్చేశాయి. ఇక మిగిలింది ఒకే ఒక్క మొక్క.

పిన్ని పనిచేసేది మొక్కల నర్సరీలోనే. మట్టిలో ఎండు తెగులు ఉందని ఆమెకి చూడగానే అర్థమైంది. అంతకుముందే వాలుతున్న ఒక మొక్కని కుండీలోకి మార్చి చూసింది గానీ, వేళ్లతోపాటే తెగులూ వెళ్లింది. ఇక ఒక్కటే దారి. అడవి వంగకి ఆ తెగులు అంత తేలిగ్గా సోకదు. దాని మొదలు మీద ఈ టమాటా చిగురుని అంటుకట్టాలి.

అందరికీ ఒంటిపూటే అయిన శనివారం మధ్యాహ్నం వంగ నారు తెచ్చుకుని, బ్లేడు పట్టుకుని మడి దగ్గర కూర్చుంది. చిగురు మీద బ్లేడు ఆనించబోతుండగా గేటు చప్పుడైంది.

"ఏం చేస్తున్నావు?"

పిచ్చుక స్కూలు బ్యాగు కూడా దించలేదు. మొహం ఎర్రబడింది. "అది బాగానే ఉంది. బాగున్నదాన్ని ఎందుకు కోస్తున్నావు? అమ్మది ఈ ఇంట్లో ఇదొక్కటే మిగిలింది."

లోపల్నుంచి వచ్చిన తండ్రి కూతుర్ని కేకలేయబోయాడు. పిన్ని ఆయన్ని ఆపింది. "దాన్ని ఏమనకండి. అడక్కుండా చెయ్యి వేసింది నేను," అని బ్లేడు పిల్ల ముందు నేల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. మట్టిలో తెగులుందనీ, ఇదీ వాలిపోయేలోపే చిగురు తీసి ఈ వంగ మొదలుకి అంటుకడితే బతుకుతుందనీ చెప్పింది. నువ్వు సరేనంటేనే కోస్తాను, వద్దంటే లేచి వెళ్లిపోతానంది.

పిచ్చుక వంగ నారు వైపు చూసింది. వంగకీ టమాటాకీ ఏం సంబంధమని అడిగింది.

పిన్ని చెప్పడం మొదలుపెట్టింది. రెండూ ఒకే కుటుంబంలో పుట్టినవట. టమాటా మొదట ఎక్కడో సముద్రాల అవతలి కొండల్లో గోలీకాయంత అడవి పండట. ఓడలెక్కి కొత్త దేశాలకి వచ్చాక చాలామంది విషమని భయపడి, తినకుండా అందానికి పెంచుకున్నారట. లారీల్లో నలగకుండా ఉండే గట్టి తోలు రకాలు మొన్నమొన్న వచ్చినవి. ఇలాంటి మడతల కాయలు వాటికంటే ఎంతో పాతవి.

"ఇలాంటివాటి విత్తనం కంపెనీలు దాచలేదమ్మా. ఇళ్లల్లో దాచారు. మీ అమ్మలాంటి వాళ్లు."

పిచ్చుక బ్యాగు దించింది. బ్లేడు తీసుకుని, "ఎక్కడ కొయ్యాలో చూపించు. నేనే కోస్తా," అంది.

చిగుళ్లు అదే కోసింది. పిన్ని దాని చెయ్యి పట్టుకోలేదు, వంగ మొదలు కదలకుండా పట్టుకుంది. కట్టిన అంట్లని కవరు కప్పి నీడలో ఉంచారు. ఆ వారంలోనే మడిలో మొక్క వాలిపోయింది. అంట్లలో రెండు ఎండిపోయాయి. ఒకటి నిలబడి, కొత్తాకు వేసి, పూత పూసి, కాయ కాసింది.

మొదటి పండుని పిచ్చుకే కోసింది. కొరికింది. నములుతూ నములుతూ ఆగిపోయింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఏమైందమ్మా, బాగాలేదా?"

"బాగుంది. కానీ అప్పుడూ ఇలాగే ఉండేదా? నాకు గుర్తు రావట్లేదు పిన్నీ. అమ్మ పెట్టినప్పుడు ఎలా ఉండేదో నాకు గుర్తే రావట్లేదు."

అప్పటి రుచేమిటో పిన్నికి మాత్రం ఏం తెలుసు? అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. పిల్లని దగ్గరకి తీసుకుంది. మొదటిసారి ఆ పిల్ల బిగుసుకుపోలేదు.

"నాకూ తెలీదు తల్లీ. ఇప్పుడు ఎలా ఉందో చెప్పు. ఇద్దరం గుర్తుపెట్టుకుందాం."

పిచ్చుక ముక్కు తుడుచుకుని మిగతా సగం ఆమె నోటికి అందించింది. పుల్లగా ఉందనీ, కాదు చివర్లో తియ్యగా ఉందనీ, అమ్మయితే ఉప్పు అద్దేదనీ, ఒకసారి గౌను నిండా రసం కార్చుకుంటే అమ్మ తిట్టకుండా నవ్విందనీ చెప్పడం మొదలుపెట్టి, ఇక ఆపలేదు.