ఏ ఊరి ఇన్షా అల్లా

వాళ్లిద్దర్నీ కలిపింది ఒక కంపు. ప్రేమకథకు ఇది మంచి మొదలు కాదని నాకూ తెలుసు. కానీ ఐస్ హాకీ ఆడేవాళ్ల బ్యాగు ఒక్కసారి మోసినవాళ్లెవరూ నన్ను తప్పుపట్టరు.

నవీద్‌ది రాయచోటి. కువైట్‌లో ముబారక్ అల్ కబీర్ అనేచోట ఒక కువైటీ ఇంట్లో హౌస్ డ్రైవర్. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కొడుకును ఐస్ హాకీ ఆడే రింక్‌కు తీసుకెళ్లడం, ప్రాక్టీసు అయ్యాక అతని బ్యాగు మోసుకొచ్చి డిక్కీలో పెట్టడం అతని పనుల్లో ఒకటి. టీము మొత్తానికి బ్యాగులన్నీ నల్లవే, అన్నీ ఒక్క సైజే. ఆ రోజు ముక్కు మూసుకుని, చేతికందినదాన్ని భుజానికెత్తుకుని బయల్దేరాడు.

వెనకనుంచి ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది. అబాయా మీద ఎర్రటి హాకీ జెర్సీ, చేతిలో ఫ్లాస్కు. "ఓ భాయ్" అని పిలిచి, ఆ బ్యాగు తమదని హిందీలో దబాయించింది. కాదు తమదేనని నవీద్ కూడా హిందీలోనే దబాయించాడు. ఆమె జిప్పు లాగి లోపలున్న పేరు చూపించింది. నవీద్ బ్యాగు దించక తప్పలేదు. దాన్ని ఈడ్చుకుంటూ పోతూ ఆమె తనలో తాను గొణుక్కుంది.

"దున్నపోతు మాదిరి పెరిగినాడు, సంచి ఎవురిదో తెలీదు."

"మీది తెలుగేనా?" అన్నాడు దున్నపోతు.

ఆమె నాలుక కరుచుకుంది. పేరు రేహానా. ఊరు కడప. జహ్రాలో ఫహద్ వాళ్లింట్లో పని. ఫహద్ అదే టీములో ఫార్వర్డ్. వాళ్లమ్మకు, అంటే రేహానా మామా అని పిలిచే యజమానురాలికి, కొడుకు ఐస్ మీదనుంచి దిగగానే వేడి సూప్ తాగకపోతే ప్రాణం పోతుందని నమ్మకం. మామా పైన కెఫేలో మిగతా తల్లులతో కూర్చునేది. సూప్ ఫ్లాస్కుతో రేహానా కింద బెంచీ మీద కూర్చునేది.

అంతవరకూ కార్లో ఏసీ వేసుకుని నిద్రపోయే నవీద్‌కి, ఆ రోజునుంచి హాకీ మీద విపరీతమైన ఆసక్తి పుట్టింది.

బయట రోడ్డు మీద తారు కరిగే ఎండ, లోపల పళ్లు టకటకలాడే చలి. ఆటలో తప్పు చేసినవాణ్ణి రెండు నిమిషాలు పక్కన అద్దాల గదిలో కూర్చోబెడతారని నవీద్ చెప్తే, రేహానా దానికి జైలు అని పేరు పెట్టింది. అతను ఏదైనా తిక్క మాట అంటే చాలు, రెండు నిమిషాలు జైలు అనేది. అతను నోరు మూసుకుని ఆమెనే చూస్తూ కూర్చునేవాడు. చూస్తున్నాడని ఆమెకు తెలుసు. అందుకే చిన్న చిన్న తప్పులకు కూడా జైలు వేసేది.

రింకులో మగాళ్లందరూ ఆమెకు భాయ్‌లే. నవీద్ పేరు చివరనుంచి మాత్రం ఆ భాయ్ ఎప్పుడో జారిపోయింది. ఎప్పుడు జారిందో ఇద్దరూ గమనించారు, ఇద్దరూ పైకి అనలేదు.

ఒకసారి ఫహద్‌ని టీములోంచి తీసేస్తారని పుకారు వచ్చింది. ఫహద్ రాకపోతే రేహానా కూడా రాదు. ఇద్దరూ హడలిపోయారు. ఆ పిల్లాడు గోల్స్ కొట్టాలని ఈమె జహ్రాలో, అతను ముబారక్ అల్ కబీర్‌లో దువా చేశారు. వాళ్ల దువా మరీ ఎక్కువగా పనిచేసింది. ఆ సీజనంతా ఫహద్ కొట్టిన ప్రతి షాటూ లోపలికే పోయింది. చివరికి పోలండ్‌లో ఒక క్లబ్బు వాళ్లు అతనికి కాంట్రాక్టు ఇచ్చారు. ఇక అతను ప్రొఫెషనల్ ప్లేయర్. మామా ఏడ్చింది. రేహానా కూడా ఏడ్చింది. తన కొడుకు మీద ఎంత ప్రేమో అని మామా ఆమెను దగ్గరకు తీసుకుంది.

రింకులో ఆఖరి సాయంత్రం రేహానా ఐస్ వైపే చూస్తూ అడిగింది.

"మా అన్న నాకు సంబంధాలు చూస్తాండాడు. మీ అమ్మను మా ఇంటికి పంపిస్తావా?"

రాయచోటిలో నవీద్ తల్లి కుల్సుమ్ బీ, తప్పకుండా చేసే పనికే ఒక మాట అంటుంది. ఆ మాట అన్నాక చేయకపోవడమన్నది ఆమె ఎరగదు. నవీద్ గుండెల మీద చెయ్యి పెట్టుకుని అదే మాట అన్నాడు.

"ఇన్షా అల్లా."

రేహానా తలూపింది. కొంచెం నవ్వింది. ఫ్లాస్కు తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఆమె మెసేజ్ చేయలేదు. సంబంధం మాట వచ్చాక అమ్మాయి మాట్లాడకపోవడం మర్యాదేనని నవీద్ మురిసిపోయాడు. రంజాన్ నెల అయ్యాక కుల్సుమ్ బీ మిఠాయి పట్టుకుని కడప వెళ్లింది. వెళ్లినంత సేపు పట్టలేదు, తిరిగొచ్చి ఫోన్ చేసింది. ఆ పిల్లకు వేరేచోట మాట అయిపోయిందట. కొన్నాళ్లు కూడా ఆగలేకపోయిందా అని నవీద్‌కి రోషం పొడుచుకొచ్చింది. రేహానాకు ఫోన్ చేయలేదు. ఆ రోషమే అతన్ని ముంచింది.

మూడేళ్లు నవీద్ ఫహద్ ఆటను ఫోన్లో చూశాడు. పోలండ్‌లో ఎవరు గెలిస్తే తనకేమిటో అతనికే తెలియదు. చివరికి ఫహద్ మోకాలు చెడింది. రెండు ఆపరేషన్ల తర్వాత డాక్టర్లు ఇక ఆడొద్దన్నారు. ఇంటికొచ్చేశాడు. పాత టీమువాళ్లు అతనికోసం ఒక వీడ్కోలు మ్యాచ్ పెట్టారు.

ఆ బెంచీ మీద, అదే ఫ్లాస్కుతో రేహానా కూర్చుని ఉంది. నిఖా అయ్యాక మామా మళ్లీ వీసా పంపి పిలిపించుకుందట.

"బాగుండావా, నవీద్ భాయ్?" అంది.

ఆ భాయ్ దగ్గరే అతనికి సగం ప్రాణం పోయింది. భర్త మంచోడేనంది. పాప పుట్టిందట, అమ్మమ్మ దగ్గర ఉందట. అడగకూడదని ఎంత అనుకున్నా నవీద్ అడిగేశాడు.

"మా అమ్మ వచ్చేదాకా ఆగుంటే ఏం పోయేది?"

"మీ అమ్మ వచ్చేలోపలే మాట ఇచ్చేసినా. నువ్వు కాదన్నాకనే కదా మా అన్నకు సరే అనింది."

"నేనెప్పుడు కాదంటి?"

"ఇన్షా అల్లా అన్లేదా?"

అతనికి అర్థం కాలేదు. ఆమె ఫ్లాస్కు మూత తిప్పుతూ మెల్లగా చెప్పింది.

"ఊరికి పోయొస్తా మామా అంటే ఇన్షా అల్లా. రూములో ఏసీ బాగు చేయించు మామా అంటే ఇన్షా అల్లా. నాలుగేండ్లు విన్యా. ఈడ ఆ మాటకు లేదనే అర్థం. నువ్వు గూడా మర్యాదగా లేదంటాండావనుకున్యా."

"నేను అనింది రాయచోటి ఇన్షా అల్లా," అన్నాడు నవీద్.

"నాకు కువైట్‌దే వినబడింది," అంది రేహానా.

ఎవరూ జైలు వేయకుండానే ఇద్దరూ మాట్లాడడం మానేశారు. ఐస్ మీద ఫహద్ కుంటుకుంటూ ఆఖరి గోల్ కొట్టాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఇంకొక్కసారి అడిగి ఉంటే అని ఆమె, ఒక్క ఫోన్ చేసి ఉంటే అని అతను, అటే చూస్తూ ఉండిపోయారు.

మ్యాచ్ అయ్యాక నవీద్ ఒక బ్యాగు దగ్గర వంగి, జిప్పు లాగి పేరు చదివాడు. ఇది మీదే కదా అని అడిగి మరీ భుజానికెత్తుకున్నాడు. రేహానా నవ్వింది. కళ్లు తుడుచుకుంది.

బయట వేడి గాలి ముఖాన కొట్టింది. మామా అప్పటికే కార్లో కూర్చుని ఉంది. ఫహద్ ఆట అయిపోయిందని, ఇక ఈ రింక్‌తో వాళ్లింటికి పనిలేదని ఇద్దరికీ తెలుసు. అయినా నవీద్ అడిగాడు.

"మళ్లా ఈ పక్కకు వస్తావా?"

రేహానా అతన్ని తిన్నగా చూసింది.

"ఇన్షా అల్లా," అంది.

ఈసారి నవీద్ సరిగ్గానే విన్నాడు. బ్యాగును డిక్కీలో పెట్టి, మెల్లగా మూత వేశాడు.