బొందల మలుపుల నాలుగు నిమిషాలు

వరంగల్ నుంచి డోర్నకల్ పోయే లైను మీద, శ్మశానం పక్కన, బొందల మలుపు అని ఒకటుండేది. రాత్రిపూట అటు దిక్కు చూసినోళ్లకు మూడు రోజులు చలిజ్వరం. గాలి కూడ ఆ మలుపుకాడ పట్టాలు దిగి, చెల్కలల్ల నుంచి తిరిగి పోయేదంటరు. తెల్లచీర కట్టుకున్నదొకతి పట్టాల పక్కన నిలబడేది... బండి ఆగేది... అంతల మాయమయ్యేది.

నేను జెప్తే నవ్వుతరు గని, బండి రిజిస్టర్లనే రాసున్నది — "తెల్లని ఆకారం కనపడ్డది. నాలుగు నిమిషాలు ఆపినం." కింద డ్రైవర్ మొగిలయ్య సంతకం. అరవై ఏండ్ల కిందటి సంగతి.

ఆ దయ్యం పోయిన నెల మా ఇంట్ల దిగింది.

మా మనుమరాలు శ్రీలత మొగుడు శశాంక్. కంప్యూటర్ల పాతకాలపు బొగ్గింజన్లు నడుపుతడు. ఆట అంటే కోపం — సిమ్యులేటర్ అనాలెనట. ఆ కాలంల ఏ బండి ఎప్పుడు కదిలింది, ఎక్కడ నీళ్లు పట్టింది, ఎన్ని పారల బొగ్గు తిన్నది — అన్నీ అప్పుడు జరిగినట్టే జరగాలె. రెండేండ్ల సంది అదే పని. పిలగాడు సగమైండు. పెండ్లి ఉంగరం ఏలికి నిలుస్తలేదు.

రిజిస్టర్ ఇచ్చింది కాజీపేట రాజేశ్వర్ రావు సార్, రైల్వేల పనిజేసి రిటైరైన పెద్దమనిషి. ఇస్తూనే షరతు పెట్టిండు. "ఆదివారం మా పాతోళ్లందరం వస్తం. రాత్రి ప్యాసింజర్‌ను డోర్నకల్‌కు రిజిస్టర్ల రాసిన నిమిషానికే చేర్చు. చేరిస్తే నా అలమారల ఉన్న మిగిలిన రిజిస్టర్ పుస్తకాలన్నీ నీయే. లేకుంటే ఇది గూడ వాపస్ ఇచ్చెయ్."

చిక్కు అక్కడనే వచ్చింది. మలుపుకాడ నాలుగు నిమిషాలు ఆగిందని రాసున్నది. డోర్నకల్‌కు టైంకే చేరిందనీ రాసున్నది! శశాంక్ ఆపితే లేటు. ఆ లేటు తీద్దామని ఉరికిస్తే, మలుపుకాడనే మొదలయ్యే ఎత్తు మీద ఆవిరి అయిపోయి ఇంజన్ చతికిలపడేది. వెయ్యిసార్లు నడిపిండు. పోనీ, వందసార్లు.

శనివారం రాత్రి...

లైట్లన్నీ బంద్. తెర మీద ఇంజన్ దీపమొక్కటే. ముసలి ఆయాసం లెక్క ఇంజన్ ఎగపోస్తాంది. తాటిచెట్లు ఒక్కొక్కటే వచ్చి పోతానయి... మలుపు వచ్చింది. పట్టాల పక్కన తెల్లగ ఏదో లేచింది. శశాంక్ గీసిన బొమ్మనే అది, అయినా నేను కొంగు నెత్తి మీదికి గుంజుకున్న.

బండి ఆగింది. ఒక నిమిషం... రెండు... నాలుగు.

మళ్ల కదిలింది. డోర్నకల్ వచ్చేసరికి ఆరు నిమిషాలు లేటు.

చెవులకు పెట్టుకున్నది తీసి మంచం మీదికి ఇసిరిండు శశాంక్.

"లేని రైలుకు ఇంత లొల్లా?" తలుపుకాడ నిలబడ్డ శ్రీలత అన్నది. "జర తిని పండు. రేపొచ్చేటోళ్లకు చాయన్న టైంకు ఇద్దాం."

"ఊకో శ్రీ! ఆ మొగిలయ్య ఎట్ల నడిపిండో... వాడు మనిషా, దయ్యమా?"

లేచి పోయి, పిలగాని చెవుల చిన్నగ అన్న —

"అక్కడ ఆపకు బిడ్డా."

"ఏంది అమ్మమ్మా?"

"పోనియ్యి. మొగిలన్న అబద్ధం రాసిండు."

"నీకెట్ల తెలుసు?"

"ఆ దయ్యం... నేనే."

శ్రీలత చేతుల గ్లాసు కిందపడ్డది.

ఏం జెయ్యాలె మరి? పదహారేండ్ల పిల్లను. ఇంట్ల పొయ్యిలకు పుల్ల లేదు. ఆ ఎత్తు మీద బండి నా నడక కంటే నిమ్మళంగ వచ్చేది. మొగిలన్న కాలితోని నాలుగు బొగ్గుపెళ్లలు కిందికి నూకేటోడు. ఇంకెవ్వలు రాకుండ నాయినమ్మ తెల్లచీర కప్పుకొని పోయేదాన్ని. అయితే పైన ఆఫీసర్లకు పార పారకు జవాబు చెప్పాలె గద! ఎత్తు మీద ఆగి కదిలితే బొగ్గు ఎక్కువ తింటదని వాళ్లకూ తెలుసు. అందుకే కాయితం మీద బండిని ఆపిండు మొగిలన్న. పట్టాల మీద ఒక్కనాడు ఆపలే.

"వందసార్లు అమ్మమ్మా!" శశాంక్ నెత్తి పట్టుకున్నడు. "పక్క గదిల ఉండి వందసార్లు చూసుకుంట కూసున్నవా?"

"బొగ్గుదొంగనని మనుమరాలి మొగునికి ఏ మొకంతోని చెప్పాలె అయ్యా?"

ఆదివారం ఇల్లంత పాత రైల్వేవోళ్లే. బండి మలుపు ఎక్కింది... ఆగలే. రాజేశ్వర్ రావు సార్ కుర్చీల నుంచి సగం లేచిండు.

"దయ్యమేది బాబూ?"

"ఇయ్యాల ఇంట్లనే ఉన్నది సార్," అన్నడు శశాంక్, నా దిక్కు చూడకుంట. నేను నోట్లె ఆకు పెట్టుకున్న.

డోర్నకల్. రాసిన నిమిషానికే! ముసలోళ్ల చప్పట్లకు మా వీధి ఇండ్ల పెంకులన్నీ లేచినయి. తెల్లారేసరికి అలమార పుస్తకాలు ఆటోల దిగినయి.

సంబురం పొద్దటిదాకనే. మాపటికి శశాంక్ రెండు రిజిస్టర్లు తెచ్చి నా ముందల పరిచిండు.

"అమ్మమ్మా... నువ్వు ఎన్నేండ్లు పోయినవ్ ఆ మలుపుకు?"

"ఏండ్లా? ఒక్క ఎండకాలం. వానలు పడంగనే పెండ్లి జేసి వరంగల్‌కు తోలిరి."

శశాంక్ ఒక్కొక్క పేజీ తిప్పిండు. "మరి మొగిలయ్య ఇంక ఆరేండ్లు రాసిండు. తెల్లని ఆకారం... నాలుగు నిమిషాలు. ఒక్క రాత్రి తప్పలే."

ఆనాటి సంది నాకు నిద్ర లేదు. ఆ ఆరేండ్ల బొగ్గు ఎవ్వలకు నూకిండో అడుగుదామంటే మొగిలన్న పోయి ఇరవై ఏండ్లాయె. నిజం దయ్యమే అయ్యుంటదని మనసుకు ఎంత జెప్పుకున్నా పానం ఊకుంటలేదు.

దయ్యానికి బొగ్గెందుకు?