ఉత్తరపు గుట్టల్లో జనం

మా కౌంటీలో మనుషులకంటే ఆవులే ఎక్కువ. దక్షిణాన కాసిని ఇళ్ళు, ఉత్తరాన గడ్డి మొలిచిన ఇసుక గుట్టలు. జనం తగ్గిపోయారు కాబట్టి పక్క కౌంటీలో కలిపేస్తారని పుకారు. అది నాకు ఒళ్ళుమంట. అందుకే, ఒక్క మనిషీ లెక్క తప్పకూడదని, జనాభా లెక్కలకొచ్చిన వెండెల్‌ను నా పికప్ బండిలో నేనే తిప్పాను.

మధ్యాహ్నానికి పొగమంచు దిగింది. ఉత్తరపు గుట్టల మధ్య రూబీ ఫ్లాట్స్ అనే పాత ఊళ్ళో మిగిలింది ఒక్కటే ఇల్లు. దానికీ సగం కప్పు లేదు.

"ఇక్కడెవరూ ఉండరు. పోదాం పద," అన్నాను.

"మరి ఆ కాఫీ వాసనేంటండీ?" అన్నాడు వెండెల్.

నాకూ తగిలింది. కాఫీ, వేగుతున్న పంది మాంసం... వాటి అడుగున తడి మట్టి వాసన. గాలి కదలడం లేదు. లోపల మాత్రం కుర్చీలు జరుగుతున్న చప్పుడు. ఒకటి కాదు... చాలా.

తలుపు కాస్త తెరుచుకుంది.

"ఆర్లీనా... నువ్వేనటే?"

హెట్టీ పిన్ని గొంతు! ఆవిడ శవపేటిక మీద మట్టి వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"అందరం ఇక్కడే ఉన్నామే... మీ ఇద్దరికీ చోటుంచాం... రా."

వెండెల్ బండి దిగాడు. రెప్ప వెయ్యడం లేదు. నడుస్తున్నాడు... గుమ్మం దాకా వెళ్ళాడు... లోపలినుంచి తెల్లటి చెయ్యి బయటికొచ్చింది. గోళ్ళనిండా ఇసుక.

నేనూ బండిలోంచి దూకాను. పరిగెత్తాను. అతని కోటు కాలర్ పట్టుకుని వెనక్కి గుంజాను.

"వదులు పిన్నీ! నేను రాను, ఇతన్నీ రానివ్వను. బతికున్నదాన్ని, బతికున్నవాళ్ళ మధ్యే ఉంటా. ఈ నేలను మీకొదిలేసి పోయేది లేదు!"

కుర్చీల చప్పుడు ఆగింది. ఎవరో నవ్వారు... మెల్లగా.

వెండెల్‌ను అతని బసలో దింపాను. ఇంటికొచ్చి బండి ఆపి చూస్తే, వెనకభాగం నేలకు కుంగి ఉంది. సామాన్లు వేసే తొట్టి మాత్రం ఖాళీ.

బండి దిగి తొట్టికి ఎదురుగా నిలబడ్డాను.

"దిగండి," అన్నాను. "ఇది నా ఇల్లు. మీకిక్కడ చోటు లేదు."

బండి కొంచెం పైకి లేచింది. మళ్ళీ కొంచెం... మళ్ళీ... మళ్ళీ...

తర్వాత, మా వరండా మెట్టు కిర్రుమంది.