పసుపింటి ముందు ఏడుపు

షెర్వోగ్ రేవు వెనక ఖాళీగా పడున్న పసుపురంగు ఇల్లు మంచిది కాదు. చీకటి పడ్డాక ఊళ్ళోవాళ్ళెవరూ అటు పోరు. అక్కడేముందని అడిగి చూడండి, జవాబు చెప్పరు... కాఫీ పోస్తారు.

ఇంగ్విల్‌కి ఈ సంగతి ఎవరు చెబుతారు? పొద్దున ఒక్కతే పడవ దిగింది, సాయంత్రం పడవకి పోవాలి. నిరుడు కడుపులోనే పోయిన బిడ్డకి ఆమె ఒక పేరు దాచుకుంది. ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దన్నాడు మొగుడు. ఒక్కసారైనా పైకి అనాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. అందుకే వచ్చింది. చేపలు ఎండేసే పందిళ్ళన్నీ తిరిగింది, దీపస్తంభం దాకా నడిచింది. సముద్రం ముందు కూడా నోరు పెగల్లేదు.

చలికాలం. మధ్యాహ్నం కాఫీ వేళకే చీకటి కమ్మేసింది. రేవుకి అడ్డదారి పసుపింటి ముందు నుంచే...

గుమ్మం పక్కన పిల్లల తోపుడుబండి ఉంది. అందులోంచి ఏడుపు.

ఇంకో దేశం మనిషైతే హడలి చచ్చేది. ఇంగ్విల్ హడల్లేదు. మంచు పడుతున్నా పిల్లల్ని ఆరుబయటే పడుకోబెట్టడం ఈ చలిదేశం వాళ్ళకి అలవాటు, చలిగాలికి గట్టిపడతారంటారు. తల్లి లోపల వంటలో ఉందనుకుంది. కిటికీల్లో దీపం లేదన్నది మాత్రం చూసుకోలేదు.

బండి పట్టుకుని మెల్లగా ఊపింది. ఏడుపు ఆగలేదు. "ఊరుకో..." అంది. ఆగలేదు.

"ఊరుకో తూవా... ఊరుకో నా తల్లీ."

ఆగింది.

ఇన్నాళ్ళూ గొంతులో అడ్డుపడ్డ పేరు అలా వచ్చేసింది. ఇంగ్విల్ అక్కడే నిలబడి కరువుతీరా ఏడ్చి, ముక్కు తుడుచుకుని రేవుకి వచ్చింది. కాఫీకొట్టు ముసలామె ఓస్‌హిల్‌తో చెప్పింది.

"పెద్దమ్మా, పసుపింటివాళ్ళ పాప లేచి ఏడుస్తుంటే ఊపి పడుకోబెట్టాను. వాళ్ళకి కాస్త చెప్పండి."

ఓస్‌హిల్ గొంతు తగ్గించింది. "మా అమ్మమ్మ కాలం నుంచీ ఆ ఇంట్లో మనుషుల్లేరమ్మాయ్. పేరైనా పెట్టకుండా మంచులో వదిలేసిన పసిగుడ్డు అది... ఎవరో ఒకరు పేరు పెట్టేదాకా ఏడుస్తుంది. పెట్టినవాళ్ళని వదలదు. నువ్వు పేరేం అనలేదు కదా?"

"అన్నాను."

"ఊఁ," అంది ఓస్‌హిల్. కాఫీ పోసింది.

పడవ కదిలింది. టికెట్లు చూసే మనిషి ఇంగ్విల్ దగ్గర ఆగి, ఆమె పక్కకి ఓసారి చూశాడు.

"అలలు ఎక్కువగా ఉన్నాయక్కా. ఆ బండికి బ్రేకు వేసుకోండి."

ఇంగ్విల్ పక్కకి తిరిగి చూడలేదు. చూడకుండానే కాలు చాపి నొక్కింది.

బ్రేకు టక్కుమని పడింది.